ముప్పై నాలుగో ఉతుకు

సముద్రం అవతలి నుంచి తెప్పించిన ఎనిమిది వేల దుప్పట్లు పరుపులెక్కి మూడు నెలలు నిండకుండానే నాలుగు హోటళ్లలోనూ చిరగడం మొదలైందన్న కబురు దగ్గర కదా కిందటి వారం మనం ఆగింది. వాటిని వెతికి, మంచిచెడ్డలు చూసి, ఓడెక్కించి తెచ్చింది చిట్టి. నలభై రెండేళ్లు వచ్చినా, హోటళ్లకు విదేశాల నుంచి దుప్పట్లు తెప్పించే వ్యాపారాన్ని పదహారేళ్లుగా ఒంటిచేత్తో నడుపుతున్నా, అందరికీ ఆమె చిట్టే. పరుపు కింద అంచు దోపుతుంటేనే బట్ట పర్రుమంటోందని హోటల్లో గదులు చూసుకునే మేడమ్ ఫోన్ చేసిన దగ్గర నుంచి చిట్టికి అన్నం సయించడం లేదు. పరీక్షకు ఒక రకం పంపి సరుకు మరో రకం నేశారు, మిల్లువాళ్లు నిలువునా ముంచారు అని హోటల్ వాళ్లు తేల్చేశారు. చిట్టి కూడా అదే నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? నమూనా దుప్పటిని వందసార్లు ఉతికి, ఇది గట్టి సరుకు అని సంతకం పెట్టినవాడు ఆమె సొంత బాబాయి.

ఆయనను లాండ్రీలో వంద మాస్టారు అంటారు. కొత్త దుప్పటి ఏ దేశం నుంచి వచ్చినా ముందు ఆయన చేతిలో పడాలి. హోటల్లో ఎలా ఉతుకుతారో అలాగే, మరిగే నీళ్లలో బ్లీచింగ్ వేసి ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ రోలర్ కింద పెట్టి తీస్తాడు. తీసిన ప్రతిసారీ మూల మడత మీద ఎర్రదారంతో ఒక కుట్టు వేస్తాడు. రోజుకు మూడు ఉతుకులు, మూడు కుట్లు. వంద కుట్లు పడ్డాక కూడా బట్ట బట్టలా నిలబడితే అప్పుడు కార్డు మీద సంతకం. మిల్లుల వాళ్లు ఎన్ని కాగితాలు చూపించనీ, వాటి మీద ఎన్ని ముద్రలు కొట్టుకురానీ, మాస్టారి వంద కుట్లు పడందే హోటళ్లు సరుకు ముట్టుకోవు. ముప్పై ఏళ్లలో ఆ సంతకం ఒక్కసారి కూడా తప్పింది లేదు.

ఇక కళ్లజోడావిడ సంగతి. మిల్లులో సరుకు తనిఖీ చేసే మనిషి ఆమె. కళ్లజోడు కళ్లకు ఉండటం కన్నా మెడలో తాడుకు వేలాడటమే ఎక్కువ కనుక చిట్టి ఆ పేరు పెట్టింది. ఆరేళ్లుగా ఇద్దరూ ఫోన్లలోనూ వీడియోల్లోనూ మాట్లాడుకుంటున్నారు. ఈమె భాష ఆమెకు రాదట, ఆమె భాష ఈమెకు రాదు. ఇద్దరికీ అరకొరగా వచ్చిన ఇంగ్లీషుతో బండి లాగించేస్తున్నారు. అసలు పరీక్షకు దుప్పటి పంపినప్పుడే, "నూలు కొత్తది, మీ నీళ్లకు ఎలా ఉంటుందో మేం చెప్పలేం, మీ మాస్టారు వంద ఉతికి సరే అంటేనే నేయిస్తాను" అని ముందే రాసిన మనిషి ఆవిడ. ఇప్పుడు పది రోజులుగా "సరుకూ నమూనా ఒక్కటే, ఒకే నూలు" అని మొత్తుకుంటోంది. వినేవాళ్లేరీ? ఈ రోజు నాలుగు గంటలకు వీడియోలో పంచాయితీ. ఫిర్యాదు నిలబడితే ఆ నిమిషమే ఆమెను పంపించేస్తానని మిల్లు యజమాని చెప్పేశాడు. నమూనా మార్చిన మనిషి అన్న మచ్చ పడితే ఆ వయసులో ఇంకే మిల్లూ గుమ్మం ఎక్కనివ్వదు.

రుజువు పట్టుకుందామని చిట్టి పన్నెండున్నరకు లాండ్రీ వెనక గదికి వచ్చింది. నమూనానూ, హోటల్లో చిరిగినదాన్నీ లాబ్‌లో ఇస్తే, రెండింటినీ పట్టీలుగా చింపి, ఏది ఎంత బలానికి తెగిందో గంటలో రాసిచ్చేస్తారు. దాంతో మిల్లు గుట్టు రట్టవుతుందని ఆమె ధీమా.

ఆ గదిలో ఒక చిన్న వాషింగ్ మిషన్, ఒక రోలర్, ఒక పొడవాటి బల్ల, గోడకు ఆనించి ఇనుప బీరువా ఉంటాయి. కిటికీ అద్దాల మీద ఆవిరి ఎప్పుడూ ఆరదు. వంద మాస్టారు రోలర్ ముందు నిలబడి దిండు గలీబులు ఒక్కొక్కటీ దూరుస్తున్నాడు.

"బాబాయ్, ఆ నమూనా తీసివ్వు. లాబ్ వాళ్లు రెండింటికల్లా రమ్మన్నారు."

ఆయన తల తిప్పలేదు. "కార్డుందిగా. కార్డు చూపించు."

"కార్డు కాగితం. వాళ్లకి బట్ట కావాలి."

"బీరువా తాళం ఎక్కడో పడింది. రేపు వెతుకుతాలే."

"రేపు వెతికితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంటుంది. అయినా తాళం నీ చొక్కా జేబులోంచి తొంగి చూస్తోంది కదా బాబాయ్!"

మామూలుగా అయితే ఈ మాటకు ఆయన పెద్దగా నవ్వాలి. నవ్వలేదు. రోలర్ ఆపాడు. జేబులోంచి తాళం తీసి, చిట్టి ముఖం చూడకుండా బల్ల మీద పెట్టాడు.

బీరువాలో నమూనాలన్నీ ప్లాస్టిక్ సంచుల్లో వరసగా ఉన్నాయి. ఇది ఒక్కటే సంచిలో లేదు. శుభ్రమైన తువ్వాలులో చుట్టి, అన్నిటికంటే అడుగున పెట్టి ఉంది. చిట్టి దాన్ని బల్ల మీద పరిచి, అలవాటు కొద్దీ మూల మడత పట్టుకుని కుట్లు చూసింది.

ఈ కుట్ల సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. మొదటి కుట్టు ఆ తర్వాతి ఉతుకులన్నీ తింటుంది కనుక రంగంతా పోయి గులాబీ నీడలా మిగులుతుంది. చివరి కుట్టు వేసినది వేసినట్టే ఎర్రగా ఉంటుంది. మధ్యవన్నీ పాలిపోయిన దగ్గర నుంచి చిక్కటి ఎరుపు దాకా మెట్లెక్కినట్టు రావాలి. చిట్టి వేలు పెట్టి లెక్కపెట్టింది. ముప్పై నాలుగో కుట్టు దాకా మెట్లు సరిగానే ఎక్కాయి. అక్కడి నుంచి నూరో కుట్టు వరకూ అన్నీ ఒకే ఎరుపు. ఒక్కదానికీ ఒక్క నీళ్ల చుక్క తగిలిన గుర్తు లేదు. ఆమె మొదటి నుంచి మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ ముప్పై నాలుగే.

"ముప్పై నాలుగు ఉతుకుల తర్వాత నువ్వు దీన్ని ఉతకలేదు."

మాస్టారు రోలర్ మీది గలీబు తీసి మడత పెట్టసాగాడు.

"మాట్లాడు బాబాయ్! నీ సంతకం చూసి నేను ఎనిమిది వేలు నేయించాను. అక్కడ ఆవిడ ఒకటే నూలు మొర్రో అని నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. ఆవిణ్ని మోసగత్తె అన్నాం. ఎవరో కాదు, నేనే అన్నాను, ఈ నోటితోనే! ఒళ్లు బరువా? మర్చిపోయావా? మర్చిపోతే మర్చిపోయానని చెప్పచ్చుగా? అరవై ఆరు దొంగ కుట్లు ఎలా వేశావు? చెయ్యెలా వచ్చింది నీకు?"

"ఒళ్లు బరువు కాదమ్మా." మాస్టారు బట్టల బుట్టను బోర్లించి దాని మీద కూర్చున్నాడు. అరచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ ఉండిపోయాడు. "మీ పిన్ని."

చిట్టి దుప్పటి మీద నుంచి చెయ్యి తీసేసింది.

పిన్ని పోయి ఎనిమిది నెలలు. చిన్నప్పుడే తల్లి పోయిన చిట్టికి జడ వేసింది, జ్వరమొస్తే పక్కన పడుకుంది, మొదటి ఆర్డరు పోయినప్పుడు "పోతే పోయిందిలే, నీ కాళ్లూ చేతులూ పోలేదుగా" అని అన్నం కలిపి ముద్దలు పెట్టింది, అన్నీ ఆవిడే. అలాంటి పిన్ని చివరి రోజుల్లో చిట్టి లేదు. అప్పుడామె సముద్రం అవతల మిల్లులో, ఇదే దుప్పటి నేతకు నూలు చూస్తూ కూర్చుంది.

"వీపంతా పుళ్లు పడ్డాయి నీకు తెలుసుగా," అన్నాడు మాస్టారు. "ఏ దుప్పటి వేసినా గీరుకుంటోందని ఏడ్చేది. ఎంత ఓర్పు గల మనిషి అది! అలాంటిది చంటిపిల్లలా ఏడ్చేది. లాండ్రీలో ఉన్న మెత్తటివన్నీ ఇంటికి మోశాను. ఒక్కటీ ఓర్చుకోలేకపోయింది. ఆ రోజు ముప్పై నాలుగో ఉతుకు అయ్యాక దీన్ని మడతేస్తుంటే చేతికి వెన్నలా తగిలింది. మారు ఆలోచించలేదు. చంకలో పెట్టుకుని ఇంటికెళ్లి పరిచాను. పడుకోబెట్టగానే హమ్మయ్య అంది. నెల రోజుల్లో అదే మొదటిసారమ్మా, ఆ మాట అనడం."

ఆయన ముక్కు చీదుకున్నాడు.

"ముప్పై నాలుగు ఉతుకులకే అంత మెత్తబడిందంటే ఏంటి? నూలు అరిగిపోతున్నట్టేగా. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడు కూడా చెబుతాడా మాట. ముప్పై ఏళ్లు చేసిన నాకు తోచలేదు. దేవుడు పంపాడనుకున్నాను. రేపు తెచ్చి మళ్లీ మిషన్లో వేద్దామనుకున్నాను. రేపు కాదు, ఎల్లుండి అనుకున్నాను. ఆవిడ దాని మీద నుంచి లేస్తేగా? మరకలు పడితే తడిగుడ్డతో తుడిచేవాణ్ని. తొమ్మిదో రోజున దాని మీదే పోయింది."

"ఆ రోజు నేను ఫోన్ చేశాను," అంది చిట్టి. "మధ్యాహ్నం చేశాను కదూ?"

"చేశావు. మగ్గాలు ఆపి కూర్చున్నారు బాబాయ్, కుట్లు ఎన్నయ్యాయి అన్నావు. అరవై అన్నాను."

"పిన్ని ఎలా ఉందని అడగలేదా నేను?"

"అడిగావు. ఎందుకడగవు తల్లీ? దుప్పటి సంగతి అయ్యాక అడిగావు."

ఆయన దెప్పడానికి అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు, అంతే. దెప్పి ఉంటే చిట్టి ఎదురు తిరిగేది, ఏడ్చి పోట్లాడేది. ఇప్పుడు ఏం చెయ్యాలో తెలియక బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది.

"నిద్రపోతోందన్నాను నీతో. అప్పటికి పోయి గంటయింది. దేశం కాని దేశంలో ఒక్కదానివి, ఆ మాట విని ఏమైపోతావో అని భయమేసింది."

ఆ సాయంత్రం చిట్టికి బాగా గుర్తు. కళ్లజోడావిడ నూలు గోదాంలోకి పరుగెత్తుకుంటూ వచ్చి, తన ఫోన్ ఆమె చేతిలో పెట్టింది. అవతల బాబాయి. మాట విన్నాక చిట్టి నూలు కండెల మధ్య నేల మీద కూలబడితే, కళ్లజోడావిడ కూడా పక్కనే నేల మీద కూర్చుంది. ఏ భాషలోనూ ఒక్క మాట అనలేదు. చీకటి పడేదాకా భుజం మీద చెయ్యి తియ్యలేదు. ఆ మనిషినే కిందటి వారం చిట్టి ఫోన్లో మోసగత్తె అంది. తలుచుకుంటే తన నోరు తనకే అసహ్యమేసింది.

"అంతా అయిపోయాక నాలుగో రోజు దీన్ని తీసుకుని మిషన్ దాకా వచ్చాను," అన్నాడు మాస్టారు. "తలుపు తీశాను. లోపల వెయ్యలేకపోయాను. నువ్వేమో ఫోన్ మీద ఫోన్. బల్ల దగ్గర కూర్చుని ఒక్క పూటలో కుట్లన్నీ వేసేశాను. బలమైన నూలే కదా, పాసవుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను."

చిట్టి దుప్పటిని దగ్గరికి తీసుకుంది. పిన్ని పుళ్లకు రాసిన మందు వాసన ఇంకా ఉంది. దాని కింద పిన్ని వాసన కూడా ఉందో, ఉందని తను అనుకుంటోందో ఆమెకు తెలియలేదు. చివరి తొమ్మిది రోజులూ పిన్నిని మోసింది ఈ బట్ట. తను మోయలేదు.

"నా పేరు పోతే పోనీ తల్లీ," అన్నాడు మాస్టారు. "సంతకం నాది, తిట్లూ నావే. నాలుగింటికి నేనే వాళ్ల ముందు నిలబడి చెబుతాను. దీన్ని మాత్రం లాబ్‌కి ఇవ్వకు. చింపేస్తారు."

చిట్టి గోడ గడియారం చూసింది. ఒంటి గంట దాటింది. దుప్పటిని మళ్లీ తువ్వాలులో చుట్టి బీరువా అడుగున పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? అబద్ధం చెప్పనక్కరలేదు కూడా, నోరు మూసుకుంటే చాలు. ఫిర్యాదు దానంతటదే నిలబడుతుంది. బాబాయి పరువు దక్కుతుంది, పిన్ని పక్క దక్కుతుంది. ఆమె మనసు ఒక్క నిమిషం అటే మొగ్గింది. మొగ్గలేదని ఈ కథ చెప్పేవాళ్లు అంటే నమ్మకండి. కానీ భుజం మీద ఆ చెయ్యి ఇంకా ఉన్నట్టే ఉంది.

"మనం నోటితో చెబితే సరిపోదా బాబాయ్?" అంది బతిమాలుతున్నట్టు.

మాస్టారు చివరికి తనే తల అడ్డంగా ఊపాడు.

"నమ్మరమ్మా. నువ్వు మిల్లుతో కుమ్మక్కయ్యావంటారు. ముసలాణ్ని పట్టుకొచ్చి అబద్ధమాడిస్తున్నావంటారు. ఇన్నేళ్లు నేను హోటల్ వాళ్లకి చెప్పిందేంటి? మనిషి మాట వినకండి, బట్టని అడగండి అనేగా." ఆగి, "ఆవిడకి ఇంకెక్కడా పని దొరకదంటావా?" అన్నాడు.

"దొరకదు బాబాయ్."

మాస్టారు లేచాడు. గోడకున్న మేకు మీద నుంచి పెద్ద కత్తెర తీశాడు. "ఎంత కావాలంట లాబ్ వాళ్లకి?"

"జానెడు వెడల్పు పట్టీలు, ఐదు. నేను కోస్తాను, నువ్వు బయట కూర్చో."

"నువ్వాగు. నీకు తెలియదు." దుప్పటిని బల్ల మీద అటూ ఇటూ తిప్పి, ముడతలు అరచేత్తో సవరించాడు. "ఇది తల వైపు. ఇటు వద్దు. కాళ్ల వైపు నుంచి తీద్దాం."

అంచు మీద కత్తెరతో చిన్న గాటు పెట్టాడు. పాత దుప్పట్లను తుడుపుగుడ్డలుగా చింపడం ఆయనకు రోజూ ఉన్న పనే. గాటుకు అటు ఒక చెయ్యి, ఇటు ఒక చెయ్యి వేసి, కాళ్లు ఎడం చేసి నిలబడి, బలం పట్టి లాగాడు. అంత బలం అక్కర్లేకపోయింది. బట్ట నానిన కాగితంలా విడిపోయింది. లాగిన ఊపుకు మాస్టారు వెనక్కి తూలాడు. చిట్టి పట్టుకోకపోతే పడిపోయేవాడే.

ఆయన చేతిలో ఉన్న పట్టీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. లాబ్ ఎందుకింక? చిరిగిన తీరు, విడిపోయిన పోగులు, అచ్చం హోటల్ వాళ్లు తెచ్చి పడేసిన దుప్పట్ల లాగే ఉంది. సరుకూ నమూనా ఒక్కటే. కళ్లజోడావిడ చెప్పిందంతా నిజమే.

"దీన్నేనా తల్లీ నేను పాసయిందని రాశాను?" అన్నాడు మాస్టారు. అని, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఆపుకోలేక, పట్టీని ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. భార్య పోయిన రోజున కూడా ఆయన అలా ఏడ్చాడని చిట్టి వినలేదు. ఆమె ఆయన వీపు నిమురుతూ నిలబడింది. మిగతా నాలుగు పట్టీలూ ఇద్దరూ చెరో కొసా పట్టుకుని చింపారు. మాస్టారే వాటిని మడిచి కవర్లో పెట్టి, అంటించి, మీద తన పేరు రాశాడు. కింద, ముప్పై నాలుగు ఉతుకులు, అని రాశాడు.

చిట్టి కవరు సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంటుండగా ఫోన్ మోగి ఆగింది. మిల్లు యజమాని నుంచి మెయిల్.

"ఏమంటున్నారమ్మా?" అన్నాడు మాస్టారు కళ్లు తుడుచుకుంటూ.

చిట్టి మొదట తనలో తను చదువుకుంది. తర్వాత ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది. నాలుగు గంటల సమావేశం అక్కర్లేదు. తనిఖీ ఉద్యోగిని తప్పు ఒప్పుకుంది. మాస్టారి కార్డు వచ్చాక, నేతకు ముందు, ఎవరికీ చెప్పకుండా నూలు మార్చింది తనేనని సంతకం పెట్టి రాసిచ్చి, పొద్దున్నే మిల్లు విడిచి వెళ్లిపోయింది. ఆమె ఉత్తరం దీనికి జత చేశాం.

"నూలు మార్చడమేంటి?" మాస్టారు బల్ల మీద మిగిలిన దుప్పటిని చూశాడు. "మార్చలేదుగా! ఇప్పుడేగా చూశాం!"

చిట్టి ఉత్తరం తెరిచింది. నాలుగే వాక్యాలు. మూడు యజమాని చెప్పినవే. నాలుగోది చదివి ఆమె చెప్పు వేసుకోబోతున్న కాలు అలాగే ఆపేసింది.

"ఏంటమ్మా? చదువు!"

"లాండ్రీ మాస్టారిని ఎవరూ ఏమీ అడగవద్దు, ఆ నమూనా దుప్పటిని చింపకుండా ఆయన దగ్గరే ఉండనివ్వండి." చిట్టి తలెత్తింది. "ఆవిడకెలా తెలుసు బాబాయ్? ఇప్పటిదాకా నాకే తెలియదే!"

మాస్టారు బల్ల పట్టుకుని మెల్లగా బుట్ట మీద కూర్చున్నాడు.

"ఆ సాయంత్రం నీ ఫోన్ కలవకపోతే ఆవిడకి చేశానుగా. నిన్ను పిలవమందామనే చేశాను. అవతల ఒక మనిషి ఫోన్ ఎత్తేసరికి ఉండబట్టలేకపోయాను. మీ పిన్ని సంగతి, దుప్పటి సంగతి, ముప్పై నాలుగు దగ్గర ఆపేసి నీతో అరవై అన్న సంగతి, అంతా కక్కేశాను. మన భాషలోనే. మధ్యలో ఒక్కసారి కూడా నోరెత్తలేదావిడ." ఆయన చిట్టి వంక చూశాడు. "అర్థం కాదనే చెప్పాను తల్లీ."